అక్క కుండీ

మొదటి దెబ్బ సిగరెట్టు పీక కోసం పడింది.

లారీ డ్రైవరొకడు, పాపం వాడికేం తెలుసు, బండి తలుపుకి పడ్డ సొట్ట తీయించుకుందామని షెడ్డుకొచ్చాడు. మాటల్లో మాటగా చేతిలోని సిగరెట్టుని ఎదురుగా ఉన్న పూలకుండీలో గుచ్చి ఆర్పాడు. ఆ చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు, షెడ్డులో రేకుపని చేసే సమ్మెట అనేవాడు వాడి మెడ పట్టుకుని, వాడి బండి తలుపుకేసే వాడి మొహాన్ని కొట్టాడు. ముక్కు చితికింది. చొక్కా ముందంతా నెత్తురు. "మొక్క కోసం మనిషిని కొడతావట్రా, పిచ్చోడా!" అని డ్రైవరు నేలమీద కూలబడి అరిచాడు. "మొక్క కాదురా అది, మా అక్క" అని సమ్మెట డొక్కలో ఇంకొకటి తన్నాడు. ఆ తర్వాత చల్లబడి, పాత సొట్టా, వాడి ముక్కు చేసిన కొత్త సొట్టా రెండూ నునుపుగా తీసి, ఊరికే పంపించాడు. అదీ అయ్యగారి న్యాయం.

సమ్మెట అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. గుద్దుకుని నలిగిన కార్ల రేకుల్ని సుత్తితో కొట్టి సాపు చెయ్యడం వాడి పని. పాతికేళ్ళుగా అదే పని. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు ముద్దుగా అలా పిలిచారు, మనిషికీ అదే సరిపోయింది. కోపం ముక్కు మీద ఉంటుందంటారే, వీడి కోపానికి అంతదూరం ఎక్కే ఓపిక కూడా లేదు, పిడికిట్లోనే కాపురం. నలభై దాటినా పెళ్ళి కాలేదు. కుదరబోయిన ఒక్క సంబంధమూ ఏమైందంటే, "అబ్బాయికి కోపం కాస్త ఎక్కువని విన్నాం" అన్నందుకు మధ్యవర్తి పళ్ళు రాలగొట్టి, ఆ విన్నది నిజమేనని ఆడపిల్లవాళ్ళ ఎదుటే రుజువు చేసి వచ్చాడు.

అవే చేతులు రేకు మీద పెడితే మాత్రం ముచ్చటేసేది. పలచటి గుడ్డముక్క పరిచి దానిమీద అరచెయ్యి జారిస్తే, వెంట్రుకంత పల్లం ఉన్నా పట్టేసేవాడు. "కళ్ళు అబద్ధం చెబుతాయి, అరచెయ్యి చెప్పదు" అని వాడి మాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వాడు మాత్రం సరిగ్గా కావలసినప్పుడే మర్చిపోయాడు, దరిద్రుడు.

ఆ షెడ్డులో రంగు వేసేది వాడి బావ, అంటే అక్క మొగుడు. సన్నటి మనిషి, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన కుడిచేతి చూపుడువేలు స్ప్రే గన్ మీట మీద ఉందంటే ఎక్కడా ఒక్క చుక్క జారేది కాదు. సొట్ట వీడు తీస్తే, అక్కడ సొట్ట ఉండేదన్న సంగతే ఆయన మాపేసేవాడు. అలాంటి జోడీకి ఎనిమిది నెలలుగా మాటల్లేవు. ఒకే రేకు మీద వంగి పని చేస్తారు, ఒకే కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు, నోరు మాత్రం విప్పరు. ఉన్నదల్లా సుద్దముక్క. రేకు ఇంకా పల్లంగా ఉంటే బావ అక్కడ సున్నా చుడతాడు, ఇంకా కొట్టమని. సరిపోతే ఇంటూ గుర్తు పెడతాడు, ఇంక ముట్టుకోవద్దని. ఆ రెండు గుర్తుల మీదే ఇద్దరి సంసారం నడుస్తోంది.

మాటలు పోయింది ఆస్పత్రి వరండాలో. అక్క ప్రాణం పోయిన గంటకి బావ వచ్చాడు, చేతులకి ఇంకా నీలం రంగుతో. "తనే పని ముగించి రమ్మంది రా" అన్నాడు. "రంగు ఆరేదాకా ఆగి వచ్చావా?" అన్నాడు సమ్మెట. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యిని ఎక్కడ పెట్టాలో తెలియక గోడని గుద్దాడు. సున్నం పెచ్చు ఊడింది, వేలు విరిగింది. అక్కకి ముందురోజే మాటిచ్చి ఉన్నాడు మరి.

ముందురోజు అక్క వాణ్ణి మంచం పక్కన కూచోబెట్టుకుని రెండు అడిగింది. "నా ఎడారి గులాబీ కుండీని నువ్వు తీసుకెళ్ళు. చచ్చిపోనివ్వకు. ఇంకోటి, మీ బావ మీద చెయ్యెత్తకు. నేను పోయాక నీకున్నది ఆయనొక్కడే." వీడు బుద్ధిమంతుడిలా తలూపాడు. లోకంలో వీడు మాట విన్నదంటే ఆవిడ ఒక్కర్తెదే.

ఎందుకంటే వీడి చిన్నప్పుడు దెబ్బలన్నీ అక్కే తిన్నది. తండ్రి బెల్టు తీస్తే అక్క వచ్చి మధ్యలో నిలబడేది. వీణ్ణి గోడకి అదిమి, తనే మీద కప్పి, వీపు అటు తిప్పేది. బెల్టు చప్పుడు వీడు అక్క ఒంట్లోంచి విన్నాడు. ఒకసారి ఆ మహానుభావుడు అక్క చెయ్యి కుర్చీకాలితో విరగ్గొట్టాడు. డాక్టరు దగ్గర అక్క, "తలుపు సందులో పడిందండీ" అంది. డాక్టరు వీడి వైపు తిరిగి, "నిజమేనా, బాబూ?" అని అడిగాడు. పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్ళ సమ్మెట ప్యాంటులో పోసుకుని, నిజమేనని తలూపాడు. తండ్రి పోయి ఇరవై ఏళ్ళయినా సరే, పక్కన నిలబడి ఎవరైనా అటక మీది డబ్బా తీయడానికి చెయ్యెత్తితే అక్క భుజం ముడుచుకుపోయేది. తర్వాత తనే నవ్వేసేది, "పాత అలవాటు" అని. ఆ భుజం వీడి కళ్ళలోంచి ఏనాడూ పోలేదు. పోకపోయినా చెయ్యి మాత్రం తండ్రిదే వచ్చింది, ఏం చేస్తాం.

ఇక ఆ మొక్క. మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది, తాగిన నీళ్ళన్నీ అందులోనే దాచుకుంటుంది. పైన నాలుగు పొట్టి కొమ్మలు, కొమ్మల చివర దళసరి ఆకులు, ఎర్రటి పూలు. ఎక్కడ గిల్లినా పాలు కారతాయి, ఆ పాలు విషం, కంట్లో పడితే అంతే సంగతులు. అక్క మేడమీద పదకొండేళ్ళు పెంచింది. వీడు ఎప్పుడు వెళ్ళినా అది పూలతోనే కనబడేది. పూసే రోజుల్లోనే అక్క మేడమీదికి రమ్మనేది మరి. చలికాలంలో అది ఎక్కడుండేదో, ఎలా ఉండేదో వీడు చూడనూ లేదు, అడగనూ లేదు.

షెడ్డులో పనిబల్ల చివర, ఎండ తగిలేచోట కుండీ పెట్టాడు. రోజంతా రేకు దుమ్ము లేస్తుంది కదా, ఆకుల మీద పడుతుందని సాయంత్రం కాగానే గొట్టం పట్టి, కారు కడిగినట్టు నెత్తిమీంచి కడిగేవాడు. తువ్వాలుతో తుడిచేవాడు కూడా. ఎండలున్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. చలి మొదలయ్యేసరికి తడి ఆరక ఆకుల మీద మచ్చలు లేచాయి. గోధుమరంగు చుక్క, చుట్టూ పసుపు వలయం. ఇవాళ రెండు, ఎల్లుండికి పది.

సమ్మెట వంగి చూశాడు. పాతికేళ్ళ అనుభవం ఒక్కసారిగా తలకెక్కింది. తుప్పు!

తుప్పుకి మందు వీడికి తెలియనిదా? మచ్చని గరుకు కాగితంతో గీకాలి, పొడి తుడవాలి, మళ్ళీ గాలీ తడీ తగలకుండా పైన లాకరు, అదే రంగు మీద పూసే మెరుపు పూత, పట్టించాలి. భూమ్మీద ఇంకే మనిషీ చెయ్యని పని, మూడు సాయంత్రాలు కూచుని చేశాడు. అన్నిటికన్నా సన్నటి గరుకు కాగితం తెచ్చి, ఒక్కో ఆకునీ చేతిలోకి తీసుకుని, పసిపిల్ల గోళ్ళు కత్తిరించినంత జాగ్రత్తగా మచ్చ మచ్చా గీకాడు. పాలు కారి వేళ్ళ మీద బొబ్బలెక్కాయి, లెక్కచెయ్యలేదు. బావ రంగుగదిలోంచి లాకరు తెచ్చి, కుంచెతో ఆకులన్నిటికీ పట్టించాడు. ఆకులు కొత్త కారులా తళతళలాడాయి. "చూశావా అక్కా" అన్నాడు పైకే. ఎనిమిది నెలల్లో వాడు నవ్వింది ఆ ఒక్క సాయంత్రమే.

నాలుగో రోజు నుంచి ఆకులు రాలడం మొదలుపెట్టాయి.

పసుపుబారటం, రాలటం. పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే బల్లమీద నాలుగైదు మెరిసే ఆకులు పడి ఉండేవి. దాహమేస్తోందేమోనని రెండు చెంబుల నీళ్ళు పోశాడు. ఇంకా రాలాయి. నాలుగు చెంబులు పోశాడు. అప్పుడే ఒకరోజు కుండీ మీద సుద్దతో ఇంటూ గుర్తు కనబడింది. ముట్టుకోవద్దని. బావ చేతిరాత. దాని అర్థం వీడికి తెలియకనా? తెలిసే ఒళ్ళు మండింది. "మా అక్క నాకిచ్చిన కుండీ మీద ఈయన పెత్తనమేంటి?" అని ఉమ్మి తడి చేసి చెరిపేశాడు. మర్నాడు మళ్ళీ ఇంటూ. మళ్ళీ చెరిపాడు. మూడోసారి ఇంకాస్త పెద్దది, రెండుసార్లు దిద్దిన ఇంటూ కనబడితే, బావ భోజనం డబ్బాని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, పళ్ళెంలా పరిచి, ఆయన రంగుగది గుమ్మంలో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఇంటూలు ఆగిపోయాయి.

ఇంక ఆగలేక రాలిన ఆకులు రెండు జేబులో వేసుకుని మొక్కలు అమ్మేవాడి దగ్గరికి వెళ్ళాడు. ఆ మొక్కలవాడు మంచివాడే. "కంగారు పడకన్నా, చలికాలం కదా, ఇది..." అని మొదలుపెట్టాడు. ఇంకో నాలుగు మాటలు చెప్పనిస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ చెబుతూ చెబుతూ ఆకుని ఎండకి ఎత్తి చూశాడు, గోటితో గీరాడు, వాసన చూశాడు. "లాకరా? లాకరు పూశావా అన్నా దీనికి?" అని పగలబడి నవ్వాడు. పక్కనున్న పనివాళ్ళని కూడా పిలిచి చూపించాడు.

ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే సమ్మెట గుద్దాడు. మిగిలిన సలహా రెండు పళ్ళతో పాటు కిందపడింది. పనివాళ్ళు ముగ్గురు పారలు, కర్రలు పట్టుకుని మీదికొచ్చారు. వీడు ఒకణ్ణి కుండీల వరస మీదికి విసిరాడు, ఇంకొకడి మోకాలు తన్నాడు, మూడోవాడి పార వీడి కనుబొమ మీద పడి ఎముక తెల్లగా కనబడింది. మట్టి, పెంకులు, నెత్తురు. వీధిలోకి ఈడ్చి పడేశారు. కన్ను మూసుకుపోయి, మొహం తుడుచుకుంటూ షెడ్డుకి నడిచొచ్చాడు. రాగానే గొట్టం పట్టి మొక్కకి మళ్ళీ నీళ్ళు పోశాడు. తన కనుబొమ కడుక్కోలేదు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ఆ సాయంత్రం కుండీ మీదికి వంగినప్పుడు ముక్కుకి థిన్నరు వాసన కొట్టింది. రంగు పలచన చెయ్యడానికి థిన్నరు వాడేది షెడ్డులో బావ ఒక్కడే. అంతే, వాడి బుర్రలో రెండూ రెండూ కలిసి ఇరవై రెండయ్యాయి. ఇన్నాళ్ళూ ఇదా సంగతి! అక్కని పట్టించుకోనివాడు, అక్క కుండీని బతకనిస్తాడా? చాటుగా థిన్నరు పోస్తున్నాడు! ఆ వాసన తను పూసిన లాకరుదేనని తట్టలేదు. కోపంగా ఉన్నప్పుడు వాడికి తన చెయ్యి తప్ప అందరి చేతులూ కనబడతాయి.

ఆ వారం పిడికిలి బిగించే తిరిగాడు. "చెయ్యెత్తకు" అన్న అక్క మాట ఒకవైపు, రాలుతున్న ఆకులు ఇంకోవైపు. రెండు మాటలిచ్చాడు కదా, ఒకటి నిలబెట్టాలంటే రెండోది తప్పాలేమోనని మొదటిసారి అనిపించింది. చివరికి కొమ్మల చివర తొమ్మిది ఆకులు మిగిలాయి. పొద్దునా సాయంత్రం లెక్కపెట్టుకునేవాడు.

ఆదివారం షెడ్డుకి సెలవు. అయినా తొమ్మిది ఆకుల్నీ చూసుకుందామని పొద్దున ఏడింటికే వచ్చాడు. తాళం తీసి ఉంది.

లోపల బావ. ముఖానికి రంగు వేసేటప్పటి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు, కుడిచేతిలో పదునైన బ్లేడు. బల్లమీద పాత పేపరు పరిచి ఉంది. కుండీ ఖాళీగా పక్కకి దొర్లి ఉంది. అక్క మొక్క పేపరు మీద వెల్లకిలా పడి ఉంది, మట్టంతా దులిపేసి, వేళ్ళన్నీ బయటికి. ఒక్క ఆకు లేదు. తొమ్మిదీ గిల్లి పారేసి ఉన్నాయి. వేళ్ళు తెగ్గోసి ఉన్నాయి. కోసినచోట తెల్లటి పాలు కారుతున్నాయి. పక్కన ఏదో పొడి డబ్బా.

సమ్మెటకి చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. గోడకి తగిలించి ఉన్న ఇనపసుత్తి చేతిలోకి ఎలా వచ్చిందో వాడికే తెలియదు. మొదటి దెబ్బ బావ వీపు మీద పడింది. ఆయన బల్లమీదికి బోర్లా పడ్డాడు, మాస్కులోంచి మూలుగు. రెండో దెబ్బ భుజం మీద, ఎముక చిట్లిన చప్పుడైంది. "మా అక్కని చంపింది చాలక! చాలకట్రా నీకు!" అని అరుస్తూ జుట్టు పట్టి తల బల్లకేసి కొట్టాడు. నుదురు పగిలి పేపరు మీద అక్షరాలు తడిశాయి. బావ తిరగబడలేదు. తల దాచుకోలేదు. మూడోసారి సుత్తి లేచినప్పుడు ఆయన చేసిందల్లా ఒక్కటే, ఆ దెబ్బ మొక్క మీద పడుతుందేమోనని కుడిచెయ్యి చాపి మొదలు మీద కప్పాడు.

సుత్తి ఆ చేతిమీద పడింది. వేళ్ళు పటపటమని నలిగిన చప్పుడు, గవ్వలు తొక్కినట్టు.

మీద కప్పడం. ఆ కప్పడం వీడికి తెలుసు. దానికింద వీడు పెరిగాడు. నాలుగో దెబ్బకి లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బావ బల్లమీంచి జారి నేలమీద పడ్డాడు. చితికిన చెయ్యి రబ్బరు తొడుగులో ఉబ్బిపోతోంది. ఎడమచేత్తో మాస్కు కిందికి లాక్కుని, ఎనిమిది నెలల్లో మొదటిమాట మాట్లాడాడు.

"ఒరేయ్... దాని మొదలు నొక్కి చూడు."

సమ్మెట సుత్తి వదిలేశాడు. బల్ల దగ్గరికెళ్ళి, ఆకుల్లేని ఆ బోడి మొక్కని అరచేతుల్లోకి తీసుకుని నొక్కాడు. రాయి. గట్టిగా, నిండుగా, కడుపునిండా నీళ్ళు దాచుకుని, రాయిలా ఉంది. ఒక్క పక్కన, అడుగున మాత్రం బొటనవేలంత మెత్తటి చోటు బ్లేడుతో చక్కగా కోసేసి, కుళ్ళు పాకకుండా పొడి అద్ది ఉంది. ఈ నెలన్నరలో ఎన్నో రేకుల మీద అరచెయ్యి జారించాడు, ఈ మొదలుని ఒక్కసారి నొక్కి చూడలేదు.

"బతికే ఉంది కదూ" అన్నాడు బావ నేలమీంచి, పళ్ళ మధ్య నుంచి. "చలికాలం ఆకులన్నీ రాల్చేసి పడుకుంటుంది రా అది. ఏటా అంతే. మచ్చ ఆకులు గిల్లెయ్యాలి, అంతే దానికి వైద్యం, నెత్తిన తడి తగలకూడదు. మెట్లకింద పెట్టి నీళ్ళు ఆపేసేవాళ్ళం. నువ్వేమో ముంచేశావు, వేళ్ళు కుళ్ళాయి. ఏటా కుండీ మార్చేటప్పుడు నేను పట్టుకుంటే మీ అక్క కోసేది. ఈసారి పట్టుకునేవాళ్ళు లేక..." అంటూనే కళ్ళు తేలేశాడు.

"నాకు చెప్పొచ్చుగా! నోరు లేదా నీకు!" అని సమ్మెట కేకపెట్టాడు. కేకపెడుతూనే, చెరిపేసిన మూడు ఇంటూలు గుర్తొచ్చాయి, చితక్కొట్టిన భోజనం డబ్బా గుర్తొచ్చింది, నోరుమూయించిన మొక్కలవాడు గుర్తొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. వీడికి పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. బావని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు, దారిపొడుగునా నెత్తురు వాడి వీపు మీద కారుతూనే ఉంది.

ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ తొడుగు కత్తిరించి, చెయ్యి చూసి, మొహం చిట్లించింది. నుదురు చూసింది. భుజం చూసింది. "ఎలా జరిగింది ఇది?"

బావ కళ్ళు మూసుకునే చెప్పాడు. "తలుపు సందులో పడిందండీ. కారు తలుపు."

సమ్మెట చటుక్కున బావ మొహంలోకి చూశాడు. అవే మాటలు. ఆ గొంతులో అదే నిదానం. డాక్టరమ్మ తలెత్తి, బావని కాదు, వీడి చొక్కా మీది నెత్తుర్ని చూస్తూ అడిగింది. "నిజమేనా?"

తొమ్మిదేళ్ళప్పుడు పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆ తండ్రి నిలబడ్డచోట నిలబడింది తనే. ఒక్కసారి తలూపితే చాలు, అందరూ ఇంటికెళ్ళిపోవచ్చు. బావ ఎడమచెయ్యి దుప్పటి మీంచి వీడి వేలు పట్టుకుని నొక్కింది, ఊరుకోమని.

"కాదండీ" అన్నాడు సమ్మెట. "నేను కొట్టాను. సుత్తితో."

"వీడికి మతిలేదండీ, నమ్మకండి" అన్నాడు బావ.

"మతిలేదు, నిజమే. అయినా కొట్టింది నేనే. పోలీసుల్ని పిలవండి." అలా అని వాడు గోడకి జారగిలబడి నేలమీద కూచుని, అంత మనిషీ నోరు తెరిచి ఏడ్చాడు.

పోలీసులొచ్చారు. వాళ్ళు విచారిస్తే చితికిన ముక్కు డ్రైవరూ, ఊడిన పళ్ళ మొక్కలవాడూ కూడా వరసకట్టి వచ్చి చెప్పాల్సింది చెప్పారు. నాలుగు నెలలు లోపలేశారు. మంచిపనే చేశారు, నన్నడిగితే.

బయటికొచ్చేసరికి మంచి ఎండల కాలం. సమ్మెట తిన్నగా షెడ్డుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. బల్ల చివర అదే చోట, కొత్త కుండీలో ఎడారి గులాబీ ఒళ్ళంతా ఆకులతో, ఎర్రటి పూలతో ఉంది. అక్క మేడమీద ఎలా ఉండేదో అచ్చం అలా. కుండీ మీద సుద్దతో ఇంటూ, వంకరటింకరగా, ఎడమచేత్తో పెట్టింది.

బావ ఒక కారు రెక్కకి రంగు వేస్తున్నాడు, ఎడమచేత్తోనే. రంగు రెండుచోట్ల జారింది. ఆయన కుడిచేతి వేళ్ళు మూడు కర్రల్లా చాపుకునే ఉన్నాయి, మడతపడవు. కోపాన కోసిన ముక్కు శాంతాన అతుకుతుందా?

"వచ్చావా" అన్నాడు బావ. "అన్నం తిన్నావా?"

"తిన్నా బావా."

తినలేదు. ఇద్దరికీ తెలుసు. బావ గన్ను కింద పెట్టి మొక్క దగ్గరికి వచ్చాడు. పైకొమ్మ మీద ఒక ఆకుకి మచ్చ ఉంది, గోధుమరంగు చుక్క, చుట్టూ పసుపు. దాన్ని గిల్లడానికి అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు కలవలేదు. ఆకు జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. మూడోసారి కూడా జారితే సమ్మెట చూడలేకపోయాడు. "ఉండు, నేను తీస్తా" అని గబుక్కున చెయ్యెత్తాడు.

బావ భుజం ముడుచుకుపోయింది. తల పక్కకి వాలి, మోచెయ్యి మొహానికి అడ్డంగా లేచి, కళ్ళు మూసుకున్నాయి. రెప్పపాటు అంతే. వెంటనే సర్దుకుని, "ఏం లేదు, ఏం లేదు, తియ్యి" అని నవ్వబోయాడు.

సమ్మెట గాల్లో ఉన్న తన చెయ్యిని చూసుకున్నాడు. మెల్లగా దించాడు. దించి, బల్లమీద వెల్లకిలా, బావకి కనబడేట్టు పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు. మొక్క ఆకులు వేసింది, పూలు పూసింది. ఆ భుజం మాత్రం మళ్ళీ మామూలుగా అవ్వదని వాడికి తెలుసు, ఇరవై ఏళ్ళు చూసినవాడు కదా.

"బావా" అన్నాడు, "చెయ్యెత్తుతున్నా."

బావ తలూపాక చెయ్యెత్తి మచ్చ ఆకుని గిల్లాడు. ఇప్పటికీ ఆ షెడ్డులోకి వెళ్తే ఆ మాట మీకూ వినబడుతుంది. పై అరలోంచి గుడ్డ తీసుకోవాలన్నా, గోడకున్న సుత్తి అందుకోవాలన్నా, ఆ బండమనిషి ముందు ఆగి, చెప్పి, బావ ఊ అన్నాకే చెయ్యెత్తుతాడు.